ముందు నిలిచే చిన్న మాటలు



ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు మీకు ఏది కష్టమనిపించిందని అడిగితే కొందరు స్పెల్లింగు అంటారు, కొందరు ఉచ్చారణ అంటారు, ఇంకొందరు టెన్సులు అంటారు. నన్నడిగితే నేను రెండు, మూడు, నాలుగు అక్షరాల చిన్న మాటల పేరు చెబుతాను. ఇన్, ఆన్, ఎట్, టు, ఫర్, బై, విత్. వీటిని ప్రిపొజిషన్లు అంటాం. వీటికి తోడుగా యాండ్, బట్, ఆర్, బికాజ్, ఆల్దో, అన్‌లెస్ లాంటివి ఉన్నాయి. అవి కంజంక్షన్లు. మొదటి రకం పేరును, అంటే నామవాచకాన్ని, వాక్యానికి కలుపుతుంది. రెండో రకం మాటను మాటతో, వాక్యాన్ని వాక్యంతో కలుపుతుంది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఈ చిన్న మాటల దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. ఇక్కడ ఇన్ పెట్టాలా, ఆన్ పెట్టాలా అని సందేహపడతారు.

ఈ సందేహం ఎందుకొస్తుందో ఇవాళ మాట్లాడుకుందాం. మన పిల్లలు ఈ మాటల్లో చేసే తప్పులు చాలావరకు తెలివి తక్కువై చేసేవి కావు. వాటి వెనక తెలుగు వ్యాకరణం ఉంటుంది. తెలుగు ప్రకారం ఆలోచిస్తే అవి సరైనవే. ఆ సంగతి విద్యార్థికి తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం సాధనతో పోతుంది.

ముందు మన భాష సంగతి చూద్దాం. 'బల్ల మీద పుస్తకం' అంటాం. బల్ల ముందు వచ్చింది, మీద వెనక వచ్చింది. 'ఊరికి', 'ఇంట్లో', 'కత్తితో', 'నీకోసం', 'వానవల్ల'. అన్నిట్లోనూ కలిపే ముక్క పేరుకు వెనకే ఉంటుంది. బడిలో డు, ము, వు, లు అంటూ వల్లె వేసిన విభక్తులు ఇవే. ఇంగ్లీషులో ఇదంతా తిరగబడుతుంది. 'ఆన్ ది టేబుల్', 'టు ది విలేజ్', 'విత్ ఎ నైఫ్'. కలిపే మాట ముందు, పేరు తర్వాత. ప్రిపొజిషన్ అనే పేరులోనే ముందు ఉంచడమనే అర్థం ఉంది.

ఈ తేడా ఊరికే వచ్చింది కాదు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ భాషా శాస్త్రవేత్త ప్రపంచంలోని 30 భాషలను పోల్చి 1963లో ఒక వ్యాసం ప్రచురించారు. మన ద్రావిడ భాషల తరఫున అందులో కన్నడం ఉంది. క్రియ వాక్యం చివర వచ్చే భాషల్లో ఈ కలిపే ముక్కలు దాదాపు ఎప్పుడూ పేరుకు వెనకే వస్తాయని ఆయన గమనించారు. తెలుగు, కన్నడం, హిందీ, జపనీస్ అన్నీ అలాంటివే. 'నేను అన్నం తిన్నాను' అంటాం, క్రియ చివర. 'ఊరికి వెళ్ళాను' అంటాం, విభక్తి వెనక. ఇంగ్లీషులో క్రియ కర్మకు ముందే వస్తుంది, ప్రిపొజిషనూ పేరుకు ముందే వస్తుంది. అంటే రెండు భాషలూ తమ తమ పద్ధతిలో క్రమంగానే ఉన్నాయి. ఒక క్రమానికి అలవాటు పడిన మనసు రెండో క్రమంలోకి వెళ్ళడానికి కొంత సమయం తీసుకుంటుంది, అంతే.

ఇంకో సంగతి మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. ఒకప్పుడు ఇంగ్లీషుకీ విభక్తులు ఉండేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో పేరు చివర మారుతూ ఉండేది. 'రాజు', 'రాజును', 'రాజుకు', 'రాజు యొక్క' అన్న తేడాలు చాలావరకు ఆ చివరి అక్షరాలే చెప్పేవి. కాలక్రమంలో పలుకులో ఆ చివరలు బలహీనపడ్డాయి. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళతో కలిసి బతకడం, 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించడం కూడా ఈ మార్పుకు తోడ్పడ్డాయని పండితులు చెబుతారు. చివరలు అరిగిపోయాక వాటి పని మరెవరో చెయ్యాలి కదా! మాటల వరుస కొంత పని తీసుకుంది. అంతకుముందు నుంచీ ఉన్న ప్రిపొజిషన్లు మిగతా బరువు ఎత్తుకున్నాయి. ఆ పాత విభక్తుల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. 'హి' అనే మాట 'హిమ్' గా, 'హిజ్' గా మారడం అలాంటిదే. 'కింగ్స్' అని రాసేటప్పుడు పెట్టే అపాస్ట్రఫీ ఎస్ కూడా ఆ పాత షష్ఠీ విభక్తి మిగులే.

ఇక చిక్కు ఎక్కడుందో చూద్దాం. తెలుగులోని ఒక్క విభక్తికి ఇంగ్లీషులో ఒక్క ప్రిపొజిషన్ అని జత కట్టి నేర్చుకుంటాం. కి అంటే టు, లో అంటే ఇన్, మీద అంటే ఆన్. మొదటి మెట్టు వరకు ఇది పనికొస్తుంది. ఆ తర్వాత ఇదే కాళ్ళకు అడ్డం పడుతుంది.

'కి' సంగతే తీసుకోండి. 'హైదరాబాదుకి వెళ్ళాను' అంటే 'టు హైదరాబాద్'. సరిపోయింది. కానీ 'ఆరింటికి లేచాను' అంటే 'ఎట్ సిక్స్'. 'సోమవారానికి కావాలి' అంటే 'బై మండే'. 'పరీక్షకి చదువుతున్నాను' అంటే 'ఫర్ ది ఎగ్జామ్'. 'వేలికి ఉంగరం ఉంది' అంటే 'ఆన్ ది ఫింగర్'. 'నాకు ఒక అన్న ఉన్నాడు' అంటే ప్రిపొజిషనే లేదు, 'ఐ హావ్ ఎ బ్రదర్'. 'ఇంటికి వెళ్ళాను' అన్నప్పుడు కూడా లేదు, 'ఐ వెంట్ హోమ్'. మన ఒక్క 'కి' చేసే పనిని ఇంగ్లీషు ఇన్ని మాటలకు పంచింది. కాబట్టి 'కి అంటే ఏమిటి' అని అడగకూడదు. ఇక్కడ 'కి' ఏ పని చేస్తోంది అని అడగాలి. గమ్యమా, సమయమా, గడువా, ప్రయోజనమా, తాకి ఉండటమా? ఆ సంబంధం తెలిస్తే ప్రిపొజిషన్ దానంతట అదే దొరుకుతుంది.

చోటును చెప్పే మూడు మాటలు చూద్దాం. ఇన్, ఆన్, ఎట్. ఇన్ అంటే చుట్టూ హద్దులు ఉన్న చోటు, దాని లోపల. ఆన్ అంటే ఒక ఉపరితలం, దాన్ని తాకి ఉండటం. ఎట్ అంటే ఒక బిందువు.

ఆన్ అంటే 'మీద' అని బట్టీ పట్టినవాళ్ళు ఒక్క ఉదాహరణ ఆలోచించండి. ఇంటి కప్పుకు లోపలి వైపు ఈగ వాలింది. అది కప్పు మీద లేదు, కిందే ఉంది. అయినా ఇంగ్లీషులో 'ఆన్ ది సీలింగ్' అనే అంటారు. ఎందుకంటే ఆన్ పట్టించుకునేది ఎత్తును కాదు, స్పర్శను. గోడకు వేలాడే పటం 'ఆన్ ది వాల్'. చెట్టుకు కాసిన కాయ 'ఆన్ ది ట్రీ'. చూడండి, వీటిలో తెలుగు 'కు' వాడింది, అదీ మన 'కి' యే. మరి చెట్టు మీద పిట్ట? అది 'ఇన్ ది ట్రీ'. పిట్ట కొమ్మల మధ్య, ఆకుల లోపల కూర్చుంది కాబట్టి. కాయ చెట్టును అంటిపెట్టుకుంది, పిట్ట చెట్టులో ఉంది. ఇంగ్లీషు వాళ్ళ మనసు ఆ దృశ్యాన్ని అలా చూసింది. తెలుగు మనసు ఇంకోలా చూసింది. రెండూ అందమైన చూపులే.

ఇప్పుడు ఎట్. 'మా బాబాయి కాజీపేటలో ఉంటాడు' అంటే 'ఇన్ కాజీపేట'. 'రైలు కాజీపేటలో ఆగుతుంది' అంటే 'ఎట్ కాజీపేట'. ఊరు ఒకటే, తెలుగులో 'లో' కూడా ఒకటే. కానీ అక్కడ ఉండేవాడికి ఊరు చుట్టూ విస్తరించిన చోటు. రైలు ప్రయాణానికి అదే ఊరు దారిలో ఒక చుక్క. ఈ ఒక్క ఉదాహరణ పట్టుబడితే ఇన్‌కీ ఎట్‌కీ తేడా మరిచిపోరు.

మన 'లో' ఆన్‌గా మారే చోట్లు కొన్ని ఉన్నాయి. మీరిప్పుడు నా మాటలు రేడియోలో వింటున్నారు. ఇంగ్లీషులో అది 'ఆన్ ది రేడియో'. టీవీలో చూశామంటే 'ఆన్ టీవీ', ఫోన్‌లో మాట్లాడామంటే 'ఆన్ ది ఫోన్'. బస్సులో, రైల్లో, విమానంలో అన్నప్పుడు ఆన్. కారులో, ఆటోలో అన్నప్పుడు ఇన్. లోపల లేచి నడవగలిగిన వాహనానికి ఆన్, ఎక్కి కూర్చోవడమే తప్ప నడవలేని దానికి ఇన్ అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

కాలానికీ ఇవే మూడు మాటలు. గంటకు ఎట్, రోజుకు ఆన్, నెలకూ సంవత్సరానికీ ఇన్. 'ఎట్ సిక్స్', 'ఆన్ మండే', 'ఇన్ మార్చ్'. ఉదయం 'ఇన్ ది మార్నింగ్', కానీ సోమవారం ఉదయం అంటే రోజు వచ్చింది కాబట్టి 'ఆన్ మండే మార్నింగ్'. రాత్రి మాత్రం 'ఎట్ నైట్'. ఇది వాడుక, అలాగే నేర్చుకోవాలి.

కాలం దగ్గర మనవాళ్ళు ఎక్కువగా పొరబడే రెండు చోట్లు చెబుతాను. మొదటిది 'నుంచి'. 'సోమవారం నుంచి' అంటాం, 'మూడేళ్ళ నుంచి' అంటాం. తెలుగుకు రెండూ ఒకటే. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది. మొదలైన క్షణం చెబితే సిన్స్, గడిచిన కాలం కొలత చెబితే ఫర్. 'సిన్స్ మండే', 'ఫర్ త్రీ ఇయర్స్'. 'సిన్స్ త్రీ ఇయర్స్' అనడం మన నుంచి అనే మాట ప్రభావం. రెండోది 'లోపు', 'వరకు'. ఇక్కడ తెలుగే మనకు దారి చూపిస్తుంది. 'శుక్రవారం లోపు ఫీజు కట్టండి', ఇది బై. 'శుక్రవారం వరకు ఆఫీసు మూసి ఉంటుంది', ఇది అన్‌టిల్. ఒకసారి జరిగి ముగిసే పనికి బై, అప్పటిదాకా సాగే స్థితికి అన్‌టిల్. తెలుగులో ఎక్కడ లోపు వస్తుందో అక్కడ బై, ఎక్కడ వరకు వస్తుందో అక్కడ అన్‌టిల్ పెట్టి చూడండి.

క్రియలకూ ప్రిపొజిషన్లకూ ఉన్న స్నేహం ఇంకో అధ్యాయం. కొన్ని ఇంగ్లీషు క్రియలు సంబంధాన్ని తమలోనే దాచుకుంటాయి. వాటికి ప్రిపొజిషన్ అక్కర్లేదు. 'సమస్య గురించి చర్చించాం' అన్నప్పుడు 'గురించి' ఉంది కదా అని 'డిస్కస్ అబౌట్' అంటాం. 'డిస్కస్ ది ప్రాబ్లమ్' అంటే చాలు. 'గదిలోకి ప్రవేశించాడు' అంటే 'ఎంటర్డ్ ది రూమ్'. 'ప్రశ్నకు జవాబు చెప్పు' అంటే 'ఆన్సర్ ది క్వశ్చన్'. 'సమావేశానికి హాజరయ్యాను' అంటే 'అటెండెడ్ ది మీటింగ్'. వీటికి ఎదురుగా ఇంకొన్ని క్రియలు ఉన్నాయి. తెలుగులో ఏ విభక్తీ వినిపించదు, ఇంగ్లీషు మాత్రం ప్రిపొజిషన్ అడుగుతుంది. 'పాట విన్నాను' అంటే 'లిజెన్డ్ టు ది సాంగ్'. 'బొమ్మ చూడు' అంటే 'లుక్ ఎట్ ది పిక్చర్'. 'డబ్బు అడిగాడు' అంటే 'ఆస్క్డ్ ఫర్ మనీ'.

వీటికి ఒకే మందు ఉంది. మాటను ఒంటరిగా నేర్చుకోవద్దు. మనిషి పేరుతో ఇంటిపేరు గుర్తుపెట్టుకున్నట్టు, క్రియతో పాటు దాని ప్రిపొజిషన్‌ను కలిపి గుర్తుపెట్టుకోవాలి. డిపెండ్ అని రాసుకోకుండా డిపెండ్ ఆన్ అని రాసుకోండి. ఇంట్రెస్టెడ్ ఇన్, గుడ్ ఎట్, అఫ్రెయిడ్ ఆఫ్, మ్యారీడ్ టు. సీనియర్, జూనియర్, సుపీరియర్ లాంటివి లాటిన్ నుంచి వచ్చిన మాటలు. వాటి తర్వాత దాన్ రాదు, టు వస్తుంది. 'నాకంటే సీనియర్' అంటే 'సీనియర్ టు మీ'.

వాడుక దేశాన్ని బట్టి కూడా మారుతుంది. మన బడుల్లో నేర్పేది ఎక్కువగా బ్రిటిష్ పద్ధతి. బ్రిటన్‌లో 'ఎట్ ది వీకెండ్' అంటే అమెరికాలో 'ఆన్ ది వీకెండ్' అంటారు. మనం 'మండే టు ఫ్రైడే' అంటే వాళ్ళు 'మండే త్రూ ఫ్రైడే' అంటారు. చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్ళిన మన పిల్లలు ఇవి విని కంగారు పడనక్కర్లేదు. రెండూ సరైనవే.

ఇక వాక్యాలను కలిపే మాటల దగ్గరికి వద్దాం. ఇక్కడ తెలుగు అందం ఒకటి చెప్పాలి. 'పొద్దున్నే లేచి, స్నానం చేసి, టిఫిను తిని, బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళాను'. ఐదు పనులు, ఒకే పూర్తి క్రియ. మధ్యలో కలిపే మాట ఒక్కటీ లేదు. క్రియ చివరే కలిపే పని చేసింది. అమ్మా నాన్నా వచ్చారు అన్నప్పుడు చివరి అచ్చును సాగదీయడమే కలపడం. మాటల్లో మనం 'మరియు' అనం. ఇంగ్లీషుకు ఈ సౌకర్యం తక్కువ. కాబట్టి యాండ్, దెన్, ఆఫ్టర్ లాంటి మాటలు విడిగా పెట్టాల్సి వస్తుంది. ఆ అలవాటు లేని విద్యార్థి చిన్న చిన్న వాక్యాలు విడివిడిగా పేర్చుకుంటూ పోతాడు, లేదా అన్నిటినీ కామాలతో అతికిస్తాడు.

తెలుగు వ్యాకరణం బాగా చదివిన పిల్లలకు ఇక్కడ లాభం ఉంది. 'వస్తే' చేదర్థకం అని నేర్చుకున్నాం కదా. అదే ఇంగ్లీషులో ఇఫ్. 'వచ్చినా' అప్యర్థకం. అదే ఆల్దో, కొన్నిచోట్ల ఈవెన్ ఇఫ్. 'వస్తూ' శత్రర్థకం. అది చాలాసార్లు వైల్. తెలుగు పాఠం, ఇంగ్లీషు పాఠం ఒకదానికొకటి ఎదురు కావు. తెలుగు మాస్టారు చెప్పింది ఇంగ్లీషు మాస్టారికి ఉపయోగపడుతుంది.

'వాన పడినా మ్యాచ్ ఆగలేదు' అన్నామనుకోండి. తెలుగులో కలిపే ముక్క ఒక్కటే, 'నా'. ఇంగ్లీషులోనూ ఒక్కటే చాలు. ఆల్దో పెడితే మళ్ళీ బట్ అక్కర్లేదు. బికాజ్ పెడితే మళ్ళీ సో అక్కర్లేదు. 'నువ్వు రాకపోతే నేను వెళ్ళను' అంటే 'ఐ వోంట్ గో అన్‌లెస్ యు కమ్'. రాకపోతే అనే మాటలోని వ్యతిరేకం అన్‌లెస్‌లోనే ఉంది. దాని పక్కన డోంట్ చేర్చితే అర్థం తారుమారవుతుంది.

బికాజ్‌కీ బికాజ్ ఆఫ్‌కీ తేడా కూడా ఇలాంటిదే. 'వాన వల్ల' అంటే 'బికాజ్ ఆఫ్ ది రెయిన్'. 'వాన పడటం వల్ల' అంటే 'బికాజ్ ఇట్ రెయిన్డ్'. తెలుగులో రెండు చోట్లా 'వల్ల' ఉంది. ఇంగ్లీషులో వెనక పేరు వస్తే బికాజ్ ఆఫ్, కర్తా క్రియా ఉన్న వాక్యం వస్తే ఒట్టి బికాజ్. డిస్పైట్‌కీ ఆల్దోకీ మధ్య తేడా సరిగ్గా ఇదే. డిస్పైట్ వెనక పేరు, ఆల్దో వెనక వాక్యం. డిస్పైట్ పక్కన ఆఫ్ రాదు.

'అని' సంగతి మరీ జాగ్రత్తగా వినండి. 'రేపు వస్తానని తమ్ముడు అన్నాడు' అంటాం. వచ్చేది తమ్ముడే అని తెలుగులో అందరికీ తెలుసు. దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టి 'మై బ్రదర్ సెడ్ దట్ ఐ విల్ కమ్' అంటే వచ్చేది నేనవుతాను, తమ్ముడు కాడు. తెలుగు 'అని' ఎదుటివాడి మాటను వాడి నోట పలికినట్టే తెస్తుంది. ఇంగ్లీషు దట్ ఆ మాటను చెప్పేవాడి వైపు తిప్పుతుంది. అందుకే అక్కడ 'హి' రావాలి. ఆఫీసు ఉత్తరంలో ఇలాంటి తప్పు దొర్లితే ఒకరి పని ఇంకొకరి మీద పడుతుంది.

చిన్న మాటలే కదా అనుకోకండి. అమెరికాలో మేన్ రాష్ట్రంలో ఒక్క 'ఆర్' మీద పెద్ద దావా నడిచింది. ఓక్‌హర్స్ట్ అనే పాల సంస్థలో పనిచేసే డ్రైవర్లు ఓవర్‌టైమ్ జీతం కోసం కోర్టుకు వెళ్ళారు. ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా ఆ రాష్ట్ర చట్టంలో ఉంది. దాని చివర అప్పట్లో 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని ఉండేది. ఆర్ ముందు కామా ఉండేది కాదు. రవాణాకో పంపిణీకో సరుకు ప్యాక్ చేయడమని దాని అర్థమా? లేక ప్యాకింగ్ ఒక పని, పంపిణీ ఇంకో పనా? డ్రైవర్లు పంపిణీ చేస్తారు, ప్యాక్ చేయరు. మొదటి అర్థమైతే వాళ్ళకు డబ్బు రావాలి. రెండోదైతే రాదు. చట్టం అస్పష్టంగా ఉందని 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు తీర్పు చెప్పింది. 2018లో ఆ సంస్థ 50 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుని రాజీ పడింది. ఒక కామా, ఒక ఆర్ అంత డబ్బును అటూ ఇటూ చేశాయి.

మన రోజువారీ జీవితంలోనూ ఇదే వరస. మందు చీటీ మీద 'బిఫోర్ ఫుడ్', 'ఆఫ్టర్ ఫుడ్' అన్న తేడా ఆరోగ్యానికి సంబంధించినది. దరఖాస్తులో 'ఆన్ ఆర్ బిఫోర్' అంటే ఆ తేదీ కూడా లెక్కలోకి వస్తుంది, ఒట్టి 'బిఫోర్' అంటే రాదు. బీమా కాగితంలో, అద్దె ఒప్పందంలో 'అన్‌లెస్', 'ఎక్సెప్ట్', 'సబ్జెక్ట్ టు' అన్న మాటలు కనబడితే అక్కడ ఆగి రెండోసారి చదవండి. షరతు ఉండేది వాటి వెనకే.

చివరగా, ఎలా సాధన చేయాలి? ఒక పేజీలో ప్రిపొజిషన్లన్నీ రాసి, ఎదురుగా తెలుగు అర్థాలు రాసి బట్టీ పట్టడం వదిలేయండి. రోజూ ఇంగ్లీషు పత్రికలో ఒక చిన్న వార్త తీసుకోండి. అందులో ప్రిపొజిషన్ల కింద గీత గీయండి. ప్రతి గీత దగ్గరా ఆ మాట దేన్ని దేనితో కలుపుతోందో చెప్పుకోండి. మర్నాడు అదే వార్తలో ఆ మాటల చోట ఖాళీలు పెట్టి నింపి చూడండి. రేడియోలో ఇంగ్లీషు వార్తలు వినేటప్పుడు ఈ చిన్న మాటల మీద చెవి పెట్టండి. అవి వేగంగా, తేలిగ్గా పలికి వెళ్ళిపోతాయి కాబట్టి వినడం అలవాటైతే తప్ప నోటికి రావు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. పిల్లవాడు 'సిన్స్ త్రీ ఇయర్స్' అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి ఊరుకోవద్దు. 'మూడేళ్ళ నుంచి అనుకున్నావు కదా, అందుకే ఇలా రాశావు' అని వాడితో చెప్పండి. తన తప్పుకు ఒక కారణం ఉందని, ఆ కారణం తన తల్లిభాషలో ఉందని తెలిసిన పిల్లవాడు నోరు విప్పడానికి భయపడడు. తెలుగు మీడియంలో చదివానని కుంగిపోయే యువతీ యువకులకు కూడా నేను చెప్పేది ఇదే. మీ విభక్తులు మీకు బాగా తెలిస్తే ఇంగ్లీషు ప్రిపొజిషన్ల దారిలో మీరు వెనకబడి లేరు. ఒక భాషలో సంబంధాలను స్పష్టంగా చూడగలిగినవారు రెండో భాషలోనూ చూడగలరు.

ఈ రోజే ఒక వార్తతో మొదలుపెట్టండి.